ఓపిక పట్టమంటారు సరే, ఎంతవరకు?



పోయిన శనివారం వీడియోలో హనుమంతుడు అశోకవనంలోకి అడుగుపెట్టేవరకు చెప్పుకున్నాం. ఆ తర్వాత చెట్టు మీద ఆయన గడిపిన రాత్రి గురించి 20 నిమిషాల్లో చెప్పడం కుదరలేదు, ఎడిటింగ్‌లో చాలా పోయింది. నాకైతే సుందరకాండ మొత్తంలో ఓపిక గురించిన పాఠం ఆ రాత్రిలోనే ఉందనిపిస్తుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మన తరానికి ఓపిక లేదని పెద్దవాళ్ళు అంటుంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. తిరుమలలో వైకుంఠం కాంప్లెక్స్ కంపార్ట్‌మెంట్లో, తలుపు ఎప్పుడు తీస్తారో తెలియకుండా గంటల తరబడి కూర్చునేది మనమే. గోవిందా గోవిందా అనుకుంటూ, పక్కవాళ్ళ పిల్లాడికి బిస్కెట్లు ఇస్తూ హాయిగా కూర్చుంటాం. అదే మనిషి కొండ దిగి వచ్చాక, సిగ్నల్ పచ్చగా మారిన మరుక్షణం హారన్ కొడతాడు. కొండ మీద దేనికోసం ఆగామో తెలుసు, సిగ్నల్ దగ్గర తెలియదు. అంతే తేడా. అయినా సిగ్నళ్ళు, లిఫ్టులు, రాని ఓటీపీలు చిన్న విషయాలు. రెండు నిమిషాలు రామనామం అనుకుంటే గడిచిపోతాయి. అసలు చిక్కు వేరే ఉంది. మనకి అన్యాయం జరుగుతోందని మనకీ తెలుసు, ఎదుటివాళ్ళకీ తెలుసు. అప్పుడు కూడా ఇంట్లోవాళ్ళు "ఓపిక పట్టు" అంటారు చూడండి, అక్కడ ఏం చెయ్యాలి?

మన ఇళ్ళల్లో ఓపికకి కొలత "భూదేవంత ఓర్పు". ఆ భూదేవి కూతురే సీతమ్మ. అందుకని ఆవిడ పేరు చెప్పి ఆడపిల్లల్ని నోరెత్తొద్దంటారు. అలా చెప్పేవాళ్ళు సుందరకాండ 21వ సర్గ ఒక్కసారి చదివితే బాగుండు. తెల్లవారుజామున రావణుడు పరివారంతో సహా వచ్చి ఆశలు పెడతాడు, బతిమాలతాడు. సీతమ్మ తల వంచుకుని ఊరుకోలేదు. మధ్యలో ఒక గడ్డిపోచ పెట్టి, వాడి ముఖం మీదే చెప్పింది. నేను ఇంకొకరి భార్యని, నీ మనసు నీ భార్యల మీద పెట్టుకో అంది. నీకు మంచి చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో లేరా, లేక ఉన్నా నువ్వు వినవా అని అడిగింది. రావణుడు రెండు నెలలు గడువు పెట్టి బెదిరించాక కూడా తగ్గలేదు. నిన్ను బూడిద చెయ్యగలను, రాముడి ఆజ్ఞ లేదు కాబట్టి, నా తపస్సు కాపాడుకోవాలి కాబట్టి చెయ్యడం లేదు, అంది.

ఇదండీ భూదేవంత ఓర్పు అంటే. చెయ్యి ఆగింది. మాట ఆగలేదు.

కృష్ణుడూ ఇదే పద్ధతి. గీతలో ఓర్చుకో అని అర్జునుడికి చెప్పింది రెండో అధ్యాయం 14వ శ్లోకంలో. చలి, వేడి, సుఖం, దుఃఖం వస్తాయి, పోతాయి, తట్టుకో అంటాడు. 18వ శ్లోకానికి వచ్చేసరికి, అందుకే యుద్ధం చెయ్యి అంటాడు. రెండిటికీ మధ్య ఉన్నవి మూడే శ్లోకాలు. ఓర్చుకోమన్నాడు అని చెప్పేవాళ్ళు చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు.

ఇప్పుడు చెట్టు మీదికి వద్దాం. సీతమ్మతో రావణుడు మాట్లాడినదంతా హనుమంతుడు శింశుపా వృక్షం ఆకుల మధ్య దాక్కుని విన్నాడు. వాడు వెళ్ళిపోయాక రాక్షస స్త్రీలు ఆవిడని తినేస్తామని బెదిరించడం చూశాడు. ఆవిడ ఏడుస్తూ, జడతో ఉరిపోసుకుందామా అనుకునేదాకా వెళ్ళడం కూడా చూశాడు. సముద్రం దాటి వచ్చిన బలం ఒంట్లో ఉంది. దూకితే ఆపేవాళ్ళు లేరు. కదల్లేదు.

ఖాళీగా కూర్చున్నాడా అంటే అదీ లేదు. ఆ సమయంలో ఆయన బుర్ర ఎంత పని చేసిందో 30వ సర్గలో కనిపిస్తుంది. మాట్లాడకుండా వెళ్ళిపోతే ఈవిడ ప్రాణాలు వదిలేయొచ్చు, రాముడికి ఏం చెప్పను? రాక్షసుల ముందు మాట్లాడితే పని చెడిపోతుంది. పండితుల్లాగా సంస్కృతంలో మొదలుపెడితే రావణుడే వేషం మార్చి వచ్చాడని భయపడుతుంది. భయపడి అరిస్తే రాక్షసులు ఆయుధాలతో వస్తారు. వాళ్ళతో పోరాడి అలసిపోతే తిరిగి సముద్రం దాటలేను. దాదాపు పూర్తయిన పని కూడా దూత తొందరపాటు వల్ల పాడైపోతుంది కదా అనుకున్నాడు. చివరికి, మామూలు మనుషుల మాటల్లో, మెల్లగా, రాముడి కథ చెప్పడం మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాడు.

గమనించారా, మాట్లాడాలా వద్దా అన్న దగ్గర ఆయన ఎక్కువసేపు లేడు. మాట్లాడాలి, అది ఖాయం. ఎప్పుడు, ఏ భాషలో, ఏ మాటతో మొదలుపెట్టాలి అన్నదే ఆలోచన అంతా.

ఇంతా చేస్తే, దగ్గరికి వచ్చేసరికి సీతమ్మ మళ్ళీ అనుమానపడింది, నువ్వు రావణుడివే అంది (34వ సర్గ). నూరు యోజనాలు దాటి వచ్చినవాడికి ఆ మాట ఎలా ఉండాలి? మనమైతే "ఇంత చేస్తే నన్నే అనుమానిస్తారా" అని మొదలుపెట్టేవాళ్ళం. హనుమంతుడు నొచ్చుకోలేదు. ఆవిడ ఉన్న పరిస్థితి అలాంటిదని అర్థం చేసుకున్నాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు, రామలక్ష్మణుల గుర్తులు చెప్పాడు, ఆ తర్వాతే ఉంగరం ఇచ్చాడు. టీమ్‌లో కొత్తగా చేరి, చేసిన పని ఎవరూ నమ్మట్లేదని బాధపడేవాళ్ళు ఈ రెండు మూడు సర్గలు దగ్గర పెట్టుకోండి.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. మూడు నెలలు కూర్చుని వాడు కట్టిన మాడ్యూల్‌ని వాళ్ళ లీడ్ క్లయింట్ ముందు తన పనిలా చూపించాడు. వీడు అడిగితే టీమ్ కాల్‌లో అందరి ముందూ "ఇక్కడ నీ పేరు కోసం పని చెయ్యట్లేదు" అన్నాడట. ఆ రాత్రి వీడు పైవాళ్ళందరినీ కాపీలో పెట్టి ఒక పెద్ద మెయిల్ టైప్ చేశాడు. పిన్నికి చెబితే "ఓపిక పట్టు నాన్నా, ఉద్యోగాలు దొరకడం కష్టంగా ఉంది" అంది. పదకొండున్నరకి నాకు ఫోన్. "అన్నయ్యా, ఓపిక అంటే పడి ఉండటమేనా? రోజూ హనుమాన్ చాలీసా చదువుతా, ఆయన ఇలా పడి ఉండేవాడా?"

మంచి ప్రశ్న. మెయిల్ చదివి వినిపించమన్నాను. లీడ్ ఎలాంటివాడో పదకొండు లైన్లు, జరిగిన పని గురించి ఒక్క లైను. రాత్రికి పంపొద్దన్నాను. ఉద్యోగం పోతుందని కాదు. అది ఇంకా హనుమంతుడు చెట్టు దిగని సమయం, అంతే. మర్నాడు ఇద్దరం కూర్చుని, ఏ తేదీన ఏం చేశాడో మాత్రమే ఉంచి మిగతాది కొట్టేశాం. వాడు ముందు లీడ్‌తో విడిగా కూర్చుని మాట్లాడాడు, తర్వాత అదే విషయం క్లుప్తంగా రాసి పంపాడు. లీడ్ తప్పు ఒప్పుకోలేదు. అద్భుతం ఏమీ జరగలేదు. తర్వాతి డెమోలో మాత్రం స్లైడ్ మీద వీడి పేరు వచ్చింది. ఇది జరిగి నాలుగు నెలలైంది. అక్కడే చేస్తున్నాడు, బయట ఇంటర్వ్యూలూ ఇస్తున్నాడు. రెండూ ఒకేసారి చెయ్యకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు.

"మళ్ళీ చేస్తే?" అని వాడు అడిగాడు. దీనికి జవాబు భారతంలో ఉంది. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుని నిలదీస్తుంది, ఇంత జరిగాక కూడా నీకు కోపం రాదా అని. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాటలు గుర్తు చేస్తుంది. ఎప్పుడూ క్షమించడమూ మంచిది కాదు, ఎప్పుడూ తీక్షణంగా ఉండటమూ మంచిది కాదంటాడు ప్రహ్లాదుడు. అన్నిటికీ ఓర్చుకుంటూ పోయేవాణ్ణి సేవకులు కూడా లెక్కచెయ్యరట. ఎవరిని క్షమించాలో కూడా చెప్పాడు. ఇంతకుముందు మనకి మేలు చేసినవాడు పెద్ద తప్పు చేసినా క్షమించు. తెలియక చేసినవాణ్ణి క్షమించు. ఎవరికైనా మొదటి తప్పు క్షమించు. తెలిసి చేసి, తెలియదని బుకాయించేవాణ్ణి మాత్రం తప్పు చిన్నదైనా వదలొద్దు. రెండోసారి చేస్తే కూడా వదలొద్దు. వీటన్నిటితోపాటు చోటు, కాలం, నీ బలం చూసుకోమన్నాడు. ఈ చివరిది నాకు బాగా నచ్చుతుంది. ఇంటి ఈఎంఐ ఉన్నవాడి బలం, లేనివాడి బలం ఒకటి కాదు కదా!

ధర్మరాజు ఇవన్నీ విని కూడా క్షమ వైపే మాట్లాడతాడు. అందుకని ద్రౌపది తప్పు అనుకోవాల్సిన పనిలేదు. ఇద్దరి వాదనా మన పెద్దవాళ్ళు అలాగే ఉంచారు. ఇంకో మాట. చెయ్యి చేసుకునే భర్త దగ్గర, అసభ్యంగా ప్రవర్తించే బాస్ దగ్గర "మొదటి తప్పు" లెక్క పెట్టుకుంటూ కూర్చోకండి. అది ఓపిక పరీక్ష కాదు. వెంటనే నలుగురికీ చెప్పండి, ఫిర్యాదు చెయ్యండి.

ఇంక 55వ సర్గ. చాలామంది వీడియోల్లో లంకాదహనం దగ్గర జైకొట్టి ముగిస్తారు. వాల్మీకి అక్కడ ముగించలేదు. తోక నిప్పు సముద్రంలో ఆర్పుకున్నాక హనుమంతుడికి ఒక్కసారిగా భయం పట్టుకుంది. కోపంలో ఊరంతా తగలబెట్టాను, సీతమ్మ కూడా అందులోనే ఉంది కదా అని. వచ్చిన కోపాన్ని క్షమతో, పాము కుబుసం విడిచినట్టు వదిలేసేవాడే మనిషి అని తనలో తాను అనుకున్నాడు. తనని తాను తిట్టుకున్నాడు. సీతమ్మ క్షేమంగా ఉందని చారణులు అనుకుంటుంటే విన్నాకే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

రాత్రంతా చెట్టు మీద అంత నిగ్రహంగా ఉన్నవాడు కూడా మర్నాటికి ఇలా వణికిపోయాడు. ఆ పాము పోలిక గురించి ఒక మాట చెప్పాలి. కుబుసం కొత్తగా పుట్టినప్పుడు ఊడదు, పాతబడ్డాకే ఊడుతుంది. ఇది నా ఆలోచన, వ్యాఖ్యానాల్లో చూసింది కాదు. కోపం కూడా రాగానే పోదు. అది పాతబడేదాకా మన వేలు సెండ్ బటన్ మీద పడకుండా చూసుకోవాలి. మా తమ్ముడికి ఒక్క రాత్రి సరిపోయింది. మీకు మూడు రోజులు పట్టొచ్చు.

చదవాలనుకునేవాళ్ళు 21, 22, 30, 34, 55 సర్గలు తాత్పర్యంతో చదవండి. రోజుకి ఒకటి చొప్పున శుక్రవారానికి అయిపోతాయి. ఇంట్లో ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ పెట్టుకునే అలవాటుంటే, ఈసారి అమ్మ పక్కన కూర్చుని వినండి.

వచ్చే శనివారం విభీషణుడి గురించి. అన్నకి మంచి చెప్పి, మళ్ళీ చెప్పి, చివరికి సభలో మాట పడి, నలుగురు అనుచరులతో లేచి వెళ్ళిపోయిన మనిషి ఆయన. రిజైన్ లెటర్ టైప్ చేసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నవాళ్ళు ఆ వీడియో చూసేదాకా ఆగండి.