ఆ ఓక్ చెట్టు కింది పుట్టగొడుగులు వద్దు

చిరంజీవి శ్రావణికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో పెద్దది చేసి మరీ చూశాను. కాన్‌బెర్రాలో మీ వీధి ఓక్ చెట్టు మొదట్లో లేచినవి అచ్చం మన వరిగడ్డి పుట్టగొడుగుల్లా ఉన్నాయి, వండుకోవచ్చా అని అడిగావు. వద్దమ్మా. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. వంటింట్లోకి మాత్రం రానివ్వకు.

నీకు పుట్టగొడుగులు తెలియవని కాదు. తొలకరి ఉరుములకు పుట్ట మీద లేచినవాటిని గుర్తుపట్టడంలో నువ్వే మా అందరికన్నా ముందుండేదానివి. గొడుగు నడినెత్తిన గట్టి మొన, పెకిలిస్తే పుట్ట లోపలిదాకా తోకలా సాగే కాడ, ఆ వాసన. అయితే ఆ గుర్తులన్నీ ఆ పుట్టకు సంబంధించినవి. మన చెదపురుగులు లోపల ఆ పుట్టగొడుగు బూజును సాగుచేస్తాయి కాబట్టే అది అక్కడ లేస్తుంది. ఆస్ట్రేలియా చెదపురుగులకు ఆ సేద్యం లేదు. అక్కడ నీకు తెలిసిన పుట్టగొడుగే లేనప్పుడు, దాన్ని గుర్తుపట్టే నేర్పు ఎందుకూ పనికిరాదు.

నీ ఫోటోలోది డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగని నా అనుమానం. యూరప్ నుంచి ఓక్ మొక్కలతోపాటు వచ్చి, వాటి వేళ్లతో కలిసి బతుకుతోంది. గొడుగు లేత పసుపుపచ్చ, ఆకుపచ్చల మధ్య రంగు. వానకు వెలిసి తెల్లబడుతుంది కూడా. కింద మొప్పలు తెలుపు. కాడకు పల్చటి ఉంగరం, అడుగున తెల్లటి తిత్తి. లాగితే ఆ తిత్తి మట్టిలోనే ఉండిపోతుంది, గుర్తూ అక్కడే పోతుంది.

వరిగడ్డి పుట్టగొడుగుకూ తిత్తి ఉంటుంది, ఉంగరం ఉండదు. ముదిరాక దాని మొప్పలు గులాబీ రంగుకు తిరుగుతాయి. గొడుగు కోసి, మొప్పలు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి తెల్లారి చూస్తే దాని పొడి గులాబీగా పడుతుంది. డెత్ క్యాప్‌ది తెల్లగా పడుతుంది, అందుకే నల్ల కాగితం కావాలి. ఇదంతా విచ్చుకున్నవాటికే. తిత్తిలో ముడుచుకుని ఉన్న మొగ్గలో ఉంగరమూ కనిపించదు, పొడీ రాలదు. మనం ఇష్టంగా తినేది మొగ్గలనే కదా, భయం అక్కడే. 2011 డిసెంబర్ 31 రాత్రి మీ ఊళ్లోనే డెత్ క్యాప్‌లను వండుకు తిన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు.

వెండి చెంచా నల్లబడితేనే విషమనీ, పురుగు కొరికితే మంచిదేననీ ఎవరు చెప్పినా నమ్మకు. ఈ విషం వెండిని ఏమీ చేయదు. ఉడికించినా, ఎండబెట్టినా పోదు. రుచి కూడా బాగుంటుందట, నాలుక హెచ్చరించదు.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో. తిన్నాక 6 నుంచి 24 గంటలదాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, గండం గడిచిందనుకుంటారు. లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. అందుకే ఎవరైనా తిన్నారని తెలిసిన క్షణంలోనే, వాంతి కోసం చూడకుండా, విషసమాచార కేంద్రానికి 13 11 26 నంబరుకు ఫోన్ చేయాలి. మిగిలిన ముక్కలు, తొక్కలు ఆసుపత్రికి పట్టుకెళ్లాలి.

కూర తినాలనిపిస్తే దుకాణంలో కొనుక్కో, డబ్బు కోసం చూసుకోకు. నీ గదిలో ఉన్న వియత్నాం అమ్మాయికి ఇవాళే ఈ సంగతంతా చెప్పు. వాళ్ల ఊళ్లోనూ వరిగడ్డి పుట్టగొడుగులే తింటారు.

మీ పెద్దమ్మ