బడి మళ్లీ తెరిచిన రోజు

2014 డిసెంబరు 17న మన దేశంలోని పాఠశాలలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి. ప్రధానమంత్రి అలా పిలుపునిచ్చారు. మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. ముందురోజు పాకిస్తాన్‌లోని పెషావర్ నగరంలో ఆర్మీ పబ్లిక్ స్కూల్ మీద ఉగ్రవాదులు దాడి చేశారు. 130 మందికి పైగా విద్యార్థులు చనిపోయారు. ఉపాధ్యాయులు, సిబ్బందితో కలిపి ఆ సంఖ్య దాదాపు 150. పిల్లల్ని వదిలి వెళ్లడానికి ఒప్పుకోని ప్రిన్సిపాల్ తాహిరా ఖాజీ కూడా వారిలో ఉన్నారు.

ఆ బడి 2015 జనవరి 12న మళ్లీ తెరుచుకుంది. నాలుగు వారాలు కూడా నిండలేదు. ఆ ఉదయం గేటు దాటి లోపలికి వచ్చిన పిల్లల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఉపాధ్యాయులుగా మేము ఆ ఫొటోలలో ఇంకొకరి కోసం వెతుకుతాం. ఆ రోజు మొదటి పీరియడ్‌కి తరగతిలోకి నడిచి వెళ్లిన టీచరు కోసం. దాడి జరిగినప్పుడు ఆమె కూడా అక్కడే ఉండి ఉండవచ్చు. పక్కగదిలో పాఠం చెప్పే స్నేహితురాలిని పోగొట్టుకుని ఉండవచ్చు. అయినా పిల్లలు ముందుగా చూసేది ఆమె ముఖమే. హింస జరిగిన బడిలో ఉపాధ్యాయులు తమ గాయాన్ని ఎలా మోస్తారు? ఈ పాఠంలో దాని గురించే తెలుసుకుందాం.

ముందు శరీరం సంగతి. మన మెదడులో బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. దాని పేరు అమిగ్డలా. ప్రమాదం కనిపించగానే అది గంట కొడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, పరుగుకో పోరాటానికో ఒళ్లంతా సిద్ధమవుతుంది. ఆ గంట వల్లే మనం బతికి బయటపడతాం. అయితే పెద్ద భయం తరువాత అది ఊరికే మోగడం మొదలుపెడుతుంది. తలుపు దబ్బున పడినా, దీపావళి టపాసు పేలినా, ఎవరైనా వెనక నుంచి భుజం తట్టినా చాలు. నిద్ర పట్టదు. జరిగినదే కళ్ల ముందు తిరుగుతుంది. ఆ వరండా వైపు వెళ్లాలంటే కాళ్లు రావు. చాలామందిలో ఇది కొన్ని వారాల్లో నెమ్మదిస్తుంది. నెల దాటినా తగ్గక, రోజువారీ పనులకు అడ్డుపడుతుంటే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. వైద్యుల పుస్తకాల్లోకి ఈ పేరు 1980లో ఎక్కింది. అది పిరికితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు.

పిల్లలకు ఈ లక్షణాలు వస్తే టీచర్లు గమనిస్తారు. టీచరుకే వస్తే? ఈ విషయం మీద ఎక్కువగా నోరు విప్పి మాట్లాడినవారిలో అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్ ప్రిన్సిపాల్ ఒకరు. ఆయన పేరు ఫ్రాంక్ డిఏంజెలిస్. 1999 ఏప్రిల్ 20న ఆ బడి విద్యార్థులే ఇద్దరు తుపాకులతో వచ్చి 12 మంది విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుణ్ణి చంపారు. ఆ ఇద్దరి పేర్లు ఇక్కడ రాయం, అవసరం లేదు. చనిపోయిన ఉపాధ్యాయుడి పేరు రాస్తాం. డేవ్ శాండర్స్. వాణిజ్య పాఠాలు చెప్పేవారు, బాలికలకు బాస్కెట్‌బాల్ నేర్పేవారు. భోజనశాలలో ఉన్న పిల్లలను హెచ్చరించి బయటికి పంపుతూ, పై అంతస్తుకు పరుగెత్తి అక్కడ తూటాలకు గురయ్యారు. విద్యార్థులు తమ చొక్కాలు విప్పి ఆయన రక్తం ఆపడానికి గంటల తరబడి ప్రయత్నించారు.

డిఏంజెలిస్ ఆయనకు పాత మిత్రుడు. ఆ రోజు డిఏంజెలిస్ కొందరు అమ్మాయిలను ఒక గదిలోకి తప్పించారు. చేతిలో పెద్ద తాళాల గుత్తి ఉంటే, మొదట పట్టుకున్న తాళంచెవే ఆ తలుపుకు సరిపోయిందని ఆయన ఎన్నోసార్లు చెప్పారు. అంతమందిని కాపాడినా ఆయన మనసు మిగతా 13 మంది దగ్గరే ఆగిపోయింది. నేనెందుకు బతికాను, ముందే ఎందుకు పసిగట్టలేకపోయాను అనే ప్రశ్నలు వదల్లేదు. బతికి బయటపడ్డవారిని పట్టి పీడించే ఈ అపరాధ భావం టీచర్లలో మరింత గట్టిగా ఉంటుందని మాకు అనిపిస్తుంది. ఎందుకంటే పిల్లల బాధ్యత తమదే అని వాళ్లు నమ్ముతారు. ఆయన మానసిక వైద్య సలహా తీసుకున్నారు, ఆ సంగతి దాచలేదు. ప్రిన్సిపాలే వెళ్తున్నాడంటే మిగతా టీచర్లకు వెళ్లడం కొంత తేలికవుతుంది కదా.

ఆ ఏడాది మిగిలిన కొద్ది వారాలు కొలంబైన్ పిల్లలు పక్కనే ఉన్న చాట్‌ఫీల్డ్ హైస్కూల్‌లో చదివారు. పొద్దున ఆ బడివారికి, మధ్యాహ్నం వీరికి. మన దగ్గర రెండు షిఫ్టుల బడులు నడిచినట్టే. ఆగస్టులో సొంత భవనంలోకి తిరిగి వెళ్లారు. ఫైర్ అలారం మోతను మార్చేశారు, ఎందుకంటే ఆ రోజు మోగింది పాత మోతే. ఎక్కువ మంది చనిపోయిన లైబ్రరీని తరువాత పూర్తిగా తీసేసి ఆ చోటును ఖాళీగా, వెలుతురు పడేలా వదిలారు. కొత్త లైబ్రరీని వేరేచోట కట్టారు. ఇవి ఇంజనీర్లు చేసిన పనులుగా కనిపిస్తాయి. కానీ ప్రతిరోజూ ఆ వరండాల్లో నడవాల్సిన టీచరుకు ఇవి మందుతో సమానం.

ఇక మార్చడానికి వీలులేనిది ఒకటి ఉంటుంది. హాజరుపట్టీ. పెషావర్ గురించి, కొలంబైన్ గురించి చదివినప్పుడల్లా మాకు గుర్తొచ్చేది అదే. రోజూ ఒకే వరుసలో పిలిచే పేర్లు. నాలుక వాటికి ఎంత అలవాటుపడి ఉంటుందంటే, పుస్తకం చూడకుండానే పిలిచేస్తాం. ఒక పేరు దగ్గరికి వచ్చి ఆగాలి. ఆ పేరును కొట్టివేయాలా, అలాగే ఉంచాలా, దాటేయాలా? దీనికి ఒకే జవాబు లేదు. టీచరు ఒక్కరే కూర్చుని తేల్చుకోవలసిన విషయం మాత్రం కాదు. తోటి టీచర్లతో, తరగతి పిల్లలతో, ఆ పిల్లవాడి అమ్మానాన్నలతో మాట్లాడి తేల్చుకోవాలి. డిఏంజెలిస్ అయితే రోజూ పొద్దున ఆ 13 మంది పేర్లనూ ఒకసారి తలుచుకోవడం అలవాటు చేసుకున్నారు.

కొన్నిచోట్ల గాయం మీద నింద కూడా పడుతుంది. రష్యాలోని బెస్లాన్ పట్టణంలో 2004 సెప్టెంబరు 1న, బడి తెరిచే పండుగ రోజున, సాయుధులు ఒక పాఠశాలను ఆక్రమించారు. మూడు రోజుల్లో 330 మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డ వృద్ధ ప్రధానోపాధ్యాయురాలిని ఊళ్లో కొందరు దోషిగా చూశారు. పిల్లల్ని పోగొట్టుకున్నవారి కోపాన్ని మేము తప్పుపట్టలేం. కానీ మూడు రోజులు తానూ బందీగా ఉన్న మనిషి అది కూడా మోయాల్సి వచ్చింది.

మరి ఏది సాయపడుతుంది? వెంటనే అందరినీ కూర్చోబెట్టి "ఏం జరిగిందో ఒక్కొక్కరూ చెప్పండి" అని బలవంతం చేయడం మేలు చేయదని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు పనులు చెబుతుంది. చూడు, విను, సాయం దొరికే చోటికి చేర్చు. వినడం అంటే ఆ మనిషి చెప్పదలుచుకున్నంతే వినడం. స్టాఫ్‌రూమ్‌లో ఇది సహజంగానే జరుగుతుంది. ఒకరు టీ తెచ్చిస్తారు, ఒకరు "మీ నాలుగో పీరియడ్ నేను తీసుకుంటాలే" అంటారు. ఆ రెండో మాట చిన్నది కాదు. పిల్లల ముందు గొంతు వణికితే బయటికి వెళ్లి నీళ్లు తాగి రావడానికి ఒక మనిషి తోడు ఉన్నారని తెలియాలి. బెల్లు, టైంటేబుల్, హోంవర్కు లాంటి పాత క్రమం కూడా పిల్లలతో పాటు టీచర్లకూ పట్టుకోవడానికి ఒక ఊతం.

కొందరు ఆ బడిని వదిలి వెళ్లిపోతారు. కొందరు అక్కడే ఉంటారు. కొలంబైన్‌లోనూ రెండూ జరిగాయి. వెళ్లినవారిని పారిపోయారనకూడదు. బదిలీల సంగతి మీకూ మాకూ బాగా తెలుసు. సామాను లారీలో వస్తుంది, బడి మారుతుంది, కానీ పాత ఊరి రాత్రులు కొన్ని మనతోనే వస్తాయి. సరిహద్దు ప్రాంతాల నుంచి వచ్చిన మీ స్నేహితుల్లో కొందరికి ఇది పుస్తకంలో చదివిన విషయం కాదు. కొత్తగా చేరిన టీచరుకూ అలాంటి ఊరు ఒకటి ఉండవచ్చు. మార్కరు కింద పడిన చప్పుడుకు ఆవిడ ఉలిక్కిపడితే నవ్వకండి. కారణం అడగకండి. మార్కరు తీసి చేతికి ఇవ్వండి, చాలు. ఎక్కడైనా బడిలో హింస జరిగిన వీడియో మీ ఇంట్లో ఫోన్‌కి వస్తే ఇంకొకరికి పంపకండి. అందులో కనిపించేది ఎవరో ఒకరి టీచరు.

మన దేశంలో 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ఉచిత సేవ మొదలైంది. 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు విద్యార్థులకే కాదు, మాకు కూడా. స్టాఫ్‌రూమ్ గోడ మీద కూడా రాసి పెట్టుకోవలసిన నంబరు అది.

డిఏంజెలిస్ 2014 వరకు ఆ బడిలోనే పనిచేశారు. దాడి జరిగిననాటికి ఆ ప్రాంతంలో కిండర్‌గార్టెన్‌లో ఉన్న పిల్లలు కూడా హైస్కూల్ పూర్తిచేసేదాకా ఉంటానని మాట ఇచ్చారు, నిలబెట్టుకున్నారు. 2019లో, ఇలాంటి దాడులను చూసిన ప్రిన్సిపాళ్లు కొందరు కలిసి ఒక బృందంగా ఏర్పడ్డారు. అమెరికాలో ఏ బడిలోనైనా మళ్లీ అలాంటిది జరిగితే, ఆ బడి ప్రిన్సిపాల్‌కు ఈ బృందంలోని వారు అండగా నిలుస్తారు.