జొన్నరొట్టె ఇంట్లో చేస్తే ఎంత, బయట కొంటే ఎంత?

ఇంట్లో వండుకుంటే చవక అని అందరం అంటాం గానీ, కాగితం మీద లెక్క వేసేది తక్కువ. జొన్నరొట్టె తీసుకుని ఒకసారి వేసి చూద్దాం. నేనుండే సుచిత్ర నుంచి కొంపల్లి, మేడ్చల్ వైపు పోతుంటే సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే అక్కలు కనిపిస్తారు. నేను ఒక్కోటి 20 రూపాయలకు కొంటున్నాను. మీ దగ్గర ధర వేరైతే ఆ అంకె పెట్టుకోండి.

నలుగురున్న ఇంటికి పూటకు 10 రొట్టెలు అనుకుందాం. బయట కొంటే 200 రూపాయలు. ఇంట్లో అయితే ఒక్కో రొట్టెకు 75 గ్రాముల చొప్పున ముప్పావు కిలో పిండి కావాలి. కిలో 70 రూపాయల లెక్కన 53 రూపాయలు, గ్యాస్‌కు ఇంకో 8 లేదా 10. మొత్తం 63 అనుకోండి. 137 రూపాయలు మిగులుతాయి.

కానీ ఆ రొట్టెలు వాటంతట అవి కావు కదా! పిండి కలిపి, తట్టి, కాల్చి, పెనం కడిగేసరికి చెయ్యి తిరిగిన వాళ్లకు కూడా ముప్పావు గంట పడుతుంది. మనింట్లో ఆ ముప్పావు గంట దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లదే. దానికి సున్నా వేసి "ఇంటి వంట చవక" అంటే నేను ఒప్పుకోను. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ నుంచి వచ్చిన మనిషి రొట్టె కొనుక్కుంటే అది దుబారా ఏమీ కాదు. పైగా ఆ రొట్టె కూడా పిండి, నీళ్లతో కళ్లముందు చేసిందే.

అసలు ఖరీదు ప్యాకెట్‌లో ఉంది. "జొన్న బిస్కెట్" అని పెద్ద అక్షరాలు చూసి కొంటాం. వెనక్కి తిప్పండి. ఏ పదార్థం ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలని నియమం. ముందు మైదానో, చక్కెరో ఉంటే సంగతి అర్థమైపోతుంది. జొన్నపిండి 30 శాతం అని ఉంటే, 100 గ్రాముల ప్యాకెట్‌లో మన పంట 30 గ్రాములే. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. ఆ లెక్కన అందులో రైతుకు చేరేది రూపాయి 11 పైసలు. 20 రూపాయల రొట్టెలో కూడా మూడు రూపాయలు దాటదనుకోండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన 17 సూచనల్లో, ఫ్యాక్టరీలో అతిగా ప్రాసెస్ చేసిన తిండి తగ్గించమన్నది ఒకటి.

మరి పట్నం వాళ్లు ఇంట్లో ఎందుకు చెయ్యట్లేదు? నేను అడిగిన వాళ్లలో ఎక్కువమంది చెప్పింది టైం గురించి కాదు. "పిండి చేదుగా ఉంది, రొట్టె విరిగిపోతోంది" అన్నారు. రెండింటికీ మందు మన చేతిలోనే ఉంది. జొన్నలో మొలక భాగంలో నూనె ఉంటుంది. పట్టించి వారాల తరబడి ఉంచితే అది పాడై చేదొస్తుంది. అందుకే జొన్నలు నిల్వ పెట్టుకుని, ఆర్డర్ వచ్చినంతే వారానికోసారి గిర్నీలో పట్టించండి. పట్టించిన తేదీ సంచి మీద రాయండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవడం మరవద్దు. గింజగా 37 రూపాయలు పలికేది పిండిగా 70కి పోతుంది. పట్టుడు కూలీ, సంచి, రవాణా తీసేసినా ఏదో మిగులుతుంది.

రొట్టె విరగడానికి కారణం, జొన్నకు గోధుమలాగా సాగే గుణం లేకపోవడం. నీళ్లు బాగా మరగాలి. మరిగే నీళ్లు పిండిలో పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడికి వచ్చాక గట్టిగా పిసకాలి. పిండంతా ఒకేసారి పిసికి పెట్టొద్దు, ఆరిపోయి అంచులు పగులుతాయి. రెండు రొట్టెలకు సరిపడా పిసుక్కుంటూ పొండి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవాలి. ఈ నాలుగు మాటలు చీటీ మీద రాసి పిండి సంచిలో పెట్టి పంపండి. తట్టే పద్ధతి వీడియోలో ఉంది, నీళ్లు పోసే చోట కాస్త ఆపి చూడండి.