ట్రాక్టరుకు అధిక సామర్థ్యపు బ్యాటరీ అమరిక: నిర్మల్ జిల్లా సేద్య పరిస్థితులలో పరిశీలించవలసిన అంశాలు

సారాంశం

ట్రాక్టరు సెల్ఫు సరిగా తిరగనప్పుడు, ఉన్న బ్యాటరీని తీసివేసి అంతకంటె పెద్దది అమర్చడం రైతుకు తోచే మొదటి ఉపాయం. ఈ ఉపాయం కొన్ని సందర్భాలలో సముచితమే. అయితే ఆల్టర్నేటరు ఇచ్చే విద్యుత్తు కంటె వాడకం ఎక్కువైనప్పుడు గాని, కేబుళ్ళ కలయికలలో లోపమున్నప్పుడు గాని పెద్ద బ్యాటరీ ఆ లోపాన్ని సరిదిద్దదు. దాని ఫలితాన్ని కొంత ఆలస్యం చేస్తుంది. బ్యాటరీ మార్చుటకు ముందు చేయవలసిన పరీక్షలు, లెక్కలు, అమరికలో పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ఉపోద్ఘాతం

నిర్మల్ జిల్లాలో పడమటి దిక్కున ముధోల్, భైంసా, కుబీర్, తానూర్ మండలాల నల్లరేగడి నేలలలో పత్తి, సోయాచిక్కుడు, సోయా కోసిన పిదప శనగ ప్రధానంగా సాగవుతాయి. తూర్పున ఖానాపూర్, కడెం ప్రాంతాలలో కాలువల కింద వరి పండుతుంది. రెండు ప్రాంతాలలోను దుక్కి, దమ్ము, రవాణా పనులకు ట్రాక్టరే ఆధారం. తొలకరి పడిన తరువాత నేలలో పదును నిలిచే రోజులు కొద్దివే. అట్టి రోజున ట్రాక్టరు కదలకపోతే రైతుకు నష్టమయ్యేది ఒక్క ఉదయం మాత్రమే కాదు, అదను తప్పిపోతుంది. అద్దె ట్రాక్టరుపై ఆధారపడిన చిన్న రైతుల వరుస కూడ వెనుకబడుతుంది. అందువలన బ్యాటరీ సమస్యను కేవలం మెకానిక్కు పనిగా భావించక, విస్తరణ సిబ్బంది కూడ దాని మూలాలను తెలిసికొనుట అవసరం.

సామర్థ్యమనగా నేమి?

బ్యాటరీపై ముద్రించిన ఆంపియర్-అవర్ సంఖ్య సాధారణంగా 20 గంటల ప్రమాణంలో చెప్పబడుతుంది. 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనగా 4.4 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం. ఇది నిల్వను తెలిపే సంఖ్య. సెల్ఫు తిప్పునప్పుడు కావలసినది క్షణకాలంలో వందలాది ఆంపియర్లు ఇచ్చే శక్తి. దానిని కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు అనే మరొక సంఖ్య తెలుపుతుంది. సున్నాకు దిగువ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2 కంటె తగ్గకుండా 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వగల కరెంటు అది. రెండు బ్యాటరీల ఆంపియర్-అవర్లు సమానమైనా ఈ సంఖ్య వేరుగా ఉండవచ్చును. కావున కొనునప్పుడు రెండింటిని పోల్చవలెను.

పెద్ద బ్యాటరీ పెడితే సెల్ఫు కాలిపోతుందనే అపోహ ఒకటి ఉన్నది. వోల్టేజి 12 గానే ఉన్నంతవరకు సెల్ఫు మోటారు తన భారానికి తగిన కరెంటునే తీసికొంటుంది. పెద్ద బ్యాటరీలో లోపలి నిరోధం తక్కువ కనుక వోల్టేజి తక్కువగా పడిపోతుంది, ఇంజను కొంత చురుకుగా తిరుగుతుంది. సెల్ఫు కాలిపోవుటకు సాధారణ కారణం విరామం లేకుండా చాలాసేపు తిప్పడమే. ఒక్కసారికి 10 సెకన్లకు మించక, మధ్యలో కనీసం ఒక నిమిషం విరామమివ్వవలెను.

ఒక స్టార్టుకు అయ్యే ఖర్చు చాలా స్వల్పం. 300 ఆంపియర్ల చొప్పున 5 సెకన్లు తిప్పితే 300 × 5 ÷ 3600 = 0.42 ఆంపియర్-అవర్ మాత్రమే. ఆల్టర్నేటరు 20 ఆంపియర్లు బ్యాటరీకి ఇవ్వగలిగితే, నష్టాలు కలుపుకొని కూడ, ఇది రెండు నిమిషాలలోపు తిరిగి సమకూరుతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలో బ్యాటరీ అడుగంటిపోవుటకు స్టార్టులు కారణం కావు. కారణాన్ని వేరేచోట వెదకవలెను.

బ్యాటరీ బలహీనపడుటకు కారణాలు

ఉమ్మడి ఆదిలాబాదు ప్రాంతంలో డిసెంబరు, జనవరి ఉదయాలలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు దిగడం సాధారణం. చలిలో ఇంజను ఆయిలు చిక్కబడి తిప్పుటకు బలం ఎక్కువ కావలసివస్తుంది. అదే సమయంలో బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. అందుచేత లోపం చలికాలంలో బయటపడుతుంది. కాని అసలు హాని జరిగేది వేసవిలో. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుందని స్థూలంగా లెక్కిస్తారు. యాసంగి పనులు ముగిసిన పిదప ట్రాక్టరు వారాల తరబడి ఎండలో నిలిచి ఉంటే, బ్యాటరీ తనంతట తానే డిశ్చార్జి అవుతుంది, నీరు ఆవిరవుతుంది, పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడుతుంది. ఇట్లు గట్టిపడిన భాగం తిరిగి చార్జి కాదు. వేసవిలో దెబ్బతిన్న బ్యాటరీ తొలకరినాడు మొరాయించుటకు కారణమిదే.

మూడవది కుదుపు. ట్రాక్టరు వెనుక ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. కేజ్ వీల్సుతో దమ్ము చేయునప్పుడు, ఖాళీ ట్రాలీతో గతుకుల బాటపై పోవునప్పుడు, బిగింపు సడలిన బ్యాటరీలో పలకల మీది పదార్థం రాలి అడుగున చేరుతుంది. చివరకు పలకల మధ్య షార్టు ఏర్పడి సెల్లు చచ్చిపోతుంది. ఎంత పెద్ద బ్యాటరీ అయినా బిగింపు లేనిచోట ఎక్కువ కాలం మన్నదు.

మార్చుటకు ముందు చేయవలసిన పరీక్షలు

ఒక మల్టీమీటరుతో ఈ పరీక్షలన్నీ పొలం వద్దనే చేయవచ్చును.

1. నిలకడ వోల్టేజి: ట్రాక్టరు ఆపి కనీసం 4 గంటలు గడచిన తరువాత కొలవవలెను. 12.6 వోల్టులు లేదా అంతకు మించి ఉంటే పూర్తి చార్జి, 12.4 ఉంటే సుమారు ముప్పాతిక, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పావు. మూతలు తీయగలిగిన బ్యాటరీలలో హైడ్రోమీటరుతో ఆరు సెల్లులను విడివిడిగా చూడవలెను. పూర్తిగా చార్జి చేసిన పిదప కూడ ఒక సెల్లు మాత్రమే మిగిలినవాటికంటె బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీని మార్చవలసిందే.

2. క్రాంకింగ్ వోల్టేజి: గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజను స్టాప్ నాబు లాగి పట్టి, సెల్ఫు తిప్పుతూ బ్యాటరీ కొనల వద్ద కొలవవలెను. పూర్తి చార్జిలో ఉన్న బ్యాటరీ కూడ 9.6 వోల్టుల కంటె దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనమైనా కావలెను, సెల్ఫు మితిమీరిన కరెంటు లాగుచున్నా ఉండవలెను.

3. కలయికల వద్ద నష్టం: సెల్ఫు తిప్పుతూ బ్యాటరీ కొనకు, దానిపై బిగించిన క్లాంపుకు మధ్య కొలిస్తే 0.1 వోల్టుకు మించి ఉండరాదు. ఎర్తు వైపు కూడ ఇదే విధంగా బ్యాటరీ నెగెటివ్ కొన నుండి ఇంజను లోహం వరకు చూడవలెను.

4. చార్జింగ్ వోల్టేజి: ఇంజను మధ్యస్థ వేగంలో నడుచునప్పుడు బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.4 వోల్టులు ఉండవలెను. 13 కంటె తక్కువైతే బెల్టు సడలినదేమో, రైతులు డైనమో అని పిలిచే ఆల్టర్నేటరు పాడైనదేమో చూడవలెను. 15 దాటితే రెగ్యులేటరులో లోపమున్నట్లు. అట్టి ట్రాక్టరులో కొత్త బ్యాటరీ కూడ నీరు మరిగి చెడిపోతుంది.

5. దొంగ వాడకం: అన్నీ ఆపిన తరువాత నెగెటివ్ కేబులు విప్పి, దాని మధ్య ఆమ్మీటరు కలిపి చూడవలెను. ఆమ్మీటరు కలిపి ఉండగా సెల్ఫు తిప్పరాదు. 0.2 ఆంపియరు పోవుచున్నా రోజుకు 4.8 ఆంపియర్-అవర్లు వృథా అయినట్లే. 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీ తొమ్మిది రోజులలో సగమవుతుంది. 100 ఆంపియర్-అవర్లది పెడితే దానికి మరొక రోజు మాత్రమే పడుతుంది.

మూడవ పరీక్ష ప్రాధాన్యం ఒక లెక్కతో స్పష్టమవుతుంది. క్లాంపు కింద తెల్లని పొడి చేరి 0.005 ఓం నిరోధం ఏర్పడినదనుకొందము. 300 ఆంపియర్ల వద్ద అక్కడే 1.5 వోల్టులు పోతాయి. కేబులు మందం కూడ ఇట్లే ముఖ్యం. రానుపోను మొత్తం 2 మీటర్ల రాగి కేబులు 25 చదరపు మి.మీ.దైతే అదే కరెంటు వద్ద నష్టం సుమారు 0.41 వోల్టు, 50 చదరపు మి.మీ.దైతే 0.21 వోల్టు. తుప్పు గీకి, క్లాంపు బిగించి, కేబులు మార్చినంత మాత్రాన అనేక ట్రాక్టర్లు పాత బ్యాటరీతోనే స్టార్టవుతాయి.

రాబడి, ఖర్చుల లెక్క

ట్రాక్టరుతో వచ్చిన లైట్లకు అదనంగా ఫోకస్ లైట్లు, పాటల పెట్టె అమర్చడం గ్రామాలలో తరచుగా కనిపించేదే. 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు గల ట్రాక్టరును ఉదాహరణగా తీసికొందము.

హెడ్ లైట్లు రెండు, 55 వాట్లవి: 110 వాట్లు
సైడు, వెనుక లైట్లు నాలుగు, 5 వాట్లవి: 20 వాట్లు
వెనుక పొలం లైటు: 55 వాట్లు
అదనపు హాలోజన్ ఫోకస్ లైట్లు నాలుగు, 55 వాట్లవి: 220 వాట్లు
పాటల పెట్టె, యాంప్లిఫయరు: 120 వాట్లు
మొత్తం: 525 వాట్లు

13.5 వోల్టుల వద్ద ఇది సుమారు 39 ఆంపియర్లు. ఆల్టర్నేటరు పూర్తి వేగంలో ఇచ్చే 36 ఆంపియర్లకు ఇదే ఎక్కువ. ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటరు అందులో సగమే, అనగా 18 ఆంపియర్లు మాత్రమే ఇచ్చినదనుకొంటే మిగిలిన 21 ఆంపియర్లు బ్యాటరీ నుండే పోవలెను. పత్తి లోడుతో మార్కెట్టు యార్డు వద్ద, ధాన్యంతో కొనుగోలు కేంద్రం వద్ద రాత్రిపూట లైట్లు వేసికొని వరుసలో నిలిచే ట్రాక్టరుది ఈ పరిస్థితే. 88 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సుమారు 2 గంటల 6 నిమిషాలలో సగమవుతుంది. 100 ఆంపియర్-అవర్లది 2 గంటల 23 నిమిషాలలో సగమవుతుంది. వేల రూపాయలు పోసి కొన్న అదనపు సామర్థ్యం వలన లభించినది 17 నిమిషాలు.

ఇదే ట్రాక్టరులో నాలుగు అదనపు హాలోజన్ల స్థానంలో 18 వాట్ల ఎల్.ఇ.డి. లైట్లు అమర్చితే వాడకం 377 వాట్లకు, అనగా 28 ఆంపియర్లకు తగ్గుతుంది. పని వేగంలో బ్యాటరీకి 8 ఆంపియర్లు మిగులుతాయి. చెరువు కట్ట ఎత్తు పెంచినంత మాత్రాన వాగు నీరు పెరగదు. తూము వద్ద పోయే నీటిని అదుపు చేసినప్పుడే చెరువు నిలుస్తుంది. బ్యాటరీ విషయంలోను ఇదే న్యాయం.

పెద్ద బ్యాటరీ ఎప్పుడు తగును?

పై పరీక్షలన్నిటిలో ట్రాక్టరు నెగ్గి, వాడకం ఆల్టర్నేటరు రాబడికి లోబడి ఉండి, చలికాలంలో తరచుగా ఆపి స్టార్టు చేయవలసిన పని ఉన్నప్పుడు ఒక మెట్టు పెద్దదైన బ్యాటరీ మేలు చేస్తుంది. 75 నుండి 88కి, 88 నుండి 100కి మార్చడం ఇట్టిది. ఒక్కొక్క స్టార్టుకు నిల్వలో ఖర్చయ్యే భాగం తగ్గుటవలన పలకలపై ఒత్తిడి కొంత తగ్గుతుంది. ట్రాక్టరు తయారీదారు పుస్తకంలో సూచించిన పరిధిని మొదట చూడవలెను. బుద్నిలోని కేంద్ర వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు వెలువరిస్తుంది. అందుబాటులో ఉన్నచోట వాటినుండి కూడ విద్యుత్ పరికరాల వివరాలు సరిచూచుకొనవచ్చును.

అమర్చు విధానం

కొత్త బ్యాటరీ పొడవు, వెడల్పు, ఎత్తు తట్టకు సరిపోవలెను. ఎత్తు ఎక్కువైతే కొనలు బానెట్‌కు తగిలి షార్టయి మంటలు పుట్టగలవు. పాజిటివ్ కొన పాతదాని వైపే ఉండవలెను. లేనిచో కేబులు సాగదీయవలసి వచ్చి, కుదుపులకు రాపిడి పొంది తెగుతుంది. బరువు పెరిగినందున తట్ట వెల్డింగును, బిగింపు కడ్డీలను పరిశీలించవలెను. బిగించిన పిదప చేతితో ఊపితే కదలరాదు.

విప్పునప్పుడు నెగెటివ్ ముందు, పాజిటివ్ తరువాత. బిగించునప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. ఈ క్రమం తప్పితే స్పానరు ఇంజను లోహానికి తగిలి భారీ షార్టు ఏర్పడుతుంది. కొనలు తారుమారైతే ఆల్టర్నేటరు డయోడ్లు వెంటనే కాలిపోతాయి. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ కేబులు విప్పి చూచే అలవాటును గట్టిగా మాన్పించవలెను. చార్జి అగునప్పుడు వెలువడే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే మండగలదు. కనుక బీడీ, నిప్పురవ్వ దరిచేరరాదు. యాసిడ్ పడినచోట వెంటనే ధారాళంగా నీటితో కడగవలెను. కళ్ళలో పడితే చాలాసేపు కడిగి వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

కొత్త బ్యాటరీని ముందుగా బయటి చార్జరుతో పూర్తిగా నింపి అమర్చుట ఉత్తమం. చార్జింగ్ కరెంటు సామర్థ్యంలో పదవ వంతు, అనగా 100 ఆంపియర్-అవర్లకు 10 ఆంపియర్లు సరిపోతుంది. సగం ఖాళీగా ఉన్న పెద్ద బ్యాటరీని ఆల్టర్నేటరుకు అప్పగిస్తే అది గంటల తరబడి పూర్తి భారంతో పనిచేసి వేడెక్కుతుంది. పాత బ్యాటరీని కొత్తదానికి జతగా కలిపి వాడరాదు. బలహీనమైనది బలమైనదానిని ఖాళీ చేస్తుంది.

పాత బ్యాటరీని ఇంటి ఆవరణలో పగులగొట్టి సీసం తీయడం, యాసిడ్‌ను నేలపై పారబోయడం ప్రమాదకరం. సీసం మట్టి ద్వారా, ధూళి ద్వారా పిల్లల శరీరంలో చేరి మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాత బ్యాటరీల సేకరణ, పునర్వినియోగ బాధ్యతను ఉత్పత్తిదారులపై ఉంచినవి. కొత్తది కొనునప్పుడే పాతదానిని డీలరుకు అప్పగించి ధరలో తగ్గింపు పొందవచ్చును.

ముగింపు

బ్యాటరీ పరిమాణాన్ని నిర్ణయించుటకు ముందు మూడు ప్రశ్నలకు సమాధానం రాబట్టవలెను: చార్జింగ్ సరిగా ఉన్నదా? కలయికలలో నష్టమున్నదా? వాడకం రాబడికి లోబడి ఉన్నదా? మూడింటికి తృప్తికరమైన సమాధానం లభించిన తరువాతనే పెద్ద బ్యాటరీ ఆలోచన చేయవలెను. విస్తరణ శాస్త్రవేత్తలు ఏప్రిల్, మే నెలలలో జరిపే రైతు శిక్షణలలో మల్టీమీటరుతో ఈ పరీక్షలను చేసి చూపుట, పనిలేని కాలంలో నెలకొకసారి చార్జి చేయుట, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూచుట, నెగెటివ్ కేబులు విప్పి ట్రాక్టరును నీడలో నిలుపుట గురించి తెలుపుట మంచిది. ఇందుకయ్యే ఖర్చు స్వల్పం. లోపమేదైనా ఉంటే అది విత్తనం వేసే రోజున కాక, సరిదిద్దుకొనుటకు వ్యవధి ఉన్నప్పుడే తెలుస్తుంది.