జూలియా నిద్రపోతే అలగాలా?

"ఆయన లోకం ఆయనది, నా లోకం నాది. మా ఇద్దరికీ పొంతన ఎలా కుదురుతుంది?" అని మనలో ఎంతమందిమి లోలోపల దిగులు పడటం లేదు చెప్పండి? ఆ దిగులు కాస్త పక్కన పెట్టి టీ గ్లాసు అందుకోండి. ఇవాళ మనం ఒక జంట గురించి మాట్లాడుకుందాం. 1949లో అచ్చయిన జార్జ్ ఆర్వెల్ నవల '1984'లోని విన్‌స్టన్, జూలియా. ఆర్వెల్ మనకి మరీ పరాయివాడేం కాదు, పుట్టింది బీహార్‌లోని మోతిహారిలోనే. పుస్తకం మన బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతకండి, లేదంటే పుస్తకాల పండగ దాకా ఆగండి.

మన బెజవాడలో ప్రేమికులు బ్యారేజీ మీద పది నిమిషాలు నిలబడితే చాలు, ఏ బందరు బాబాయో స్కూటరు ఆపి "ఏమ్మా, ఇక్కడున్నావేంటి?" అంటాడు. విన్‌స్టన్, జూలియాలకైతే ప్రభుత్వమే ఆ బాబాయి. గోడ మీది తెర రాత్రీ పగలూ చూస్తుంది, వింటుంది. అక్కడ ప్రేమించడమే తిరుగుబాటు.

విన్‌స్టన్‌కి 39 ఏళ్లు. దొంగచాటుగా డైరీ రాస్తాడు, ఏలుతున్న పార్టీ చెరిపేసిన గతం గురించి కుమిలిపోతాడు, ఎలాగూ దొరికిపోతామని ముందే నిశ్చయించుకుంటాడు. జూలియాకి 26. పైకి నడుముకి ఎర్రపట్టీ కట్టుకుని ఊరేగింపుల్లో అందరికంటే గట్టిగా అరుస్తుంది. ఎక్కడ కలవాలి, ఏ దారిన వెళ్లాలి అన్నీ ఆ పిల్లే చూసుకుంటుంది. పాడుబడ్డ చర్చిలో పావురం గూటి నుంచి పుల్ల లాగి, దుమ్ములో దారి గీసి చూపిస్తుంది. ఎక్కడి నుంచో అసలైన కాఫీపొడి, పంచదార పట్టుకొస్తుంది. సిద్ధాంతాలంటే మాత్రం ఆవలింతలు! అతను నిషిద్ధ పుస్తకం పైకి చదువుతుంటే హాయిగా నిద్రపోతుంది.

ఇక్కడే కదా మనకి ఉడుకుమోత్తనం వచ్చేది? నేనింత ముఖ్యమైన విషయం చెబుతుంటే నిద్రా అని! విన్‌స్టన్ ఏం చేశాడో చూడండి. పుస్తకం మూసి కింద పెట్టి, ఇద్దరి మీదా దుప్పటి లాగి తనూ పడుకున్నాడు. మీరూ అదే చెయ్యండి. మర్నాడు కాఫీ దగ్గర మిగతాది చెప్పుకోవచ్చు.

నిద్రపోయే మనిషికి బుర్ర లేదనుకుంటే మాత్రం పొరపాటు. వాళ్లుండే లండన్ మీద పడే బాంబులు మన ప్రభుత్వమే వేస్తోందేమో, జనాన్ని భయపెట్టడానికి, అని మామూలుగా అనేస్తుంది జూలియా. అంత ఆలోచించే విన్‌స్టన్‌కి అది తట్టనే లేదు. పార్టీ పెద్దల్లో ఒకడైన ఓబ్రయన్ ఇంటికి ఇద్దరూ వెళ్లినప్పుడు, అతను పార్టీని ఎదిరించే రహస్య ఉద్యమం కోసం ఇది చేస్తారా, అది చేస్తారా అని అడుగుతుంటే విన్‌స్టన్ అన్నిటికీ, ఘోరాలకి సైతం, సరేనంటాడు. ఇద్దరూ విడిపోయి మళ్లీ ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉంటారా అన్నప్పుడు మాత్రం, అతను నోరు తెరవకముందే జూలియా కాదనేస్తుంది. నాకైతే ఆ పుస్తకంలో అందరికంటే ధైర్యంగా కనిపించింది ఆ పిల్లే.

చివరికి విడిపోయారుగా అంటారేమో. స్వభావాలు కలవక కాదమ్మా! చిత్రహింసలు పెట్టి, 101వ నంబరు గదిలో ఎలుకలు చూపిస్తే, ఆ శిక్షేదో జూలియాకి వెయ్యమని వేడుకున్నాడు అతను. ఆమె చేతా అలాంటి పనే చేయించారు. ఆ నేరం హింస పెట్టినవాళ్లది.

కాబట్టి ఆయన్ని మీలా, మిమ్మల్ని ఆయనలా మార్చే పని ఈ రోజుతో మానేయండి. డబ్బు లెక్కలు ఎవరికి బాగా వస్తే వాళ్లు చూడండి, చుట్టాలతో మాటలు ఎవరికి తేలికైతే వాళ్లకి వదిలేయండి. నెలకోసారి మాత్రం ఇద్దరూ కూర్చుని, ఏం వదులుకోగలం, ఏం వదులుకోలేం అని అడగండి, ఓబ్రయన్ అడగకముందే. చెయ్యి చేసుకోవడం, అవమానించడం స్వభావం తేడా కిందకి రావు, వాటికి సర్దుకోవద్దు, ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

జూలియా వైపు నుంచి కథ కావాలంటే 2023లో శాండ్రా న్యూమన్ రాసిన 'జూలియా' ఉంది. ఆయనకొకటి ఇచ్చి మీరొకటి తీసుకోండి, ఎవరికి నిద్రొచ్చినా సరే.