జంతుప్రేమ, నీట్ కోచింగ్, గినీ పిగ్‌ల ఆశ్రయం

తెలుగు రాష్ట్రాల మధ్యతరగతి కుటుంబాల్లో ఒక నమ్మకం బలంగా పాతుకుపోయి ఉంది. ఇంట్లో అమ్మాయికో అబ్బాయికో జంతువులంటే ఇష్టమని తెలియగానే, ఆ ఇష్టానికి వెటర్నరీ డాక్టరు కావడం ఒక్కటే గౌరవప్రదమైన దారి అని పెద్దలు తీర్మానించి, ఇంటర్‌లో బైపీసీ, ఆపైన నీట్, ర్యాంకు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటూ పిల్లల తరఫున తామే వరుస ఖరారు చేసేస్తారు. ఇటీవల యువతలో పెరుగుతున్న మరో మోజు దీనికి పూర్తిగా ఎదురుదిశలో నడుస్తోంది: గాయపడిన జంతువులను కాపాడే వీడియోలు చూసి, డిగ్రీ మధ్యలో ఆపివేసి, సొంతంగా ఒక రెస్క్యూ ఆశ్రయం తెరిచి దానినే జీవనోపాధి చేసుకోవాలని కొందరు నిశ్చయించుకుంటున్నారు. ఈ రెండు పొరపాట్లూ ఒకే అజ్ఞానం నుంచి పుడుతున్నాయి. జంతువులను సాకే పనిలో ఒక రోజు నిజంగా ఎలా గడుస్తుందో అటు తల్లిదండ్రులకూ తెలియదు, ఇటు విద్యార్థులకూ తెలియదు. ఆ రోజును దగ్గరగా చూడటానికి గినీ పిగ్‌ల ఆశ్రయం తగిన ఉదాహరణ, ఎందుకంటే అరచేతుల్లో ఇమిడే ఈ జంతువును పెంచడం తేలికని అందరూ అనుకుంటారు.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంత ప్రజలు వేల ఏళ్ల క్రితమే మచ్చిక చేసుకున్న ఈ గడ్డిమేత జంతువు ఎలుక, ఉడుతల వలె కొరికి తినే క్షీరదాల వర్గానికి చెందినది; సుమారు కిలో బరువు తూగుతుంది, సక్రమంగా చూసుకుంటే 5 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది. బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో వీటి కోసమే నడిచే ఆశ్రయాలు చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం పెద్ద భవనాలూ జీతాల సిబ్బందీ ఉన్న సంస్థలు కావు. ఎవరో ఒకరు తమ ఇంటి గదిలోనో గ్యారేజీలోనో పెరటి షెడ్డులోనో, మరొక ఉద్యోగం చేసుకుంటూ, స్వచ్ఛంద సేవకుల సాయంతో నడిపేవే ఎక్కువ. అక్కడికి జంతువులు వచ్చే తీరును గమనిస్తే సమస్య మూలం అర్థమవుతుంది. పిల్లల సరదా కోసం కొన్న జత, సరదా తీరగానే బరువనిపిస్తుంది. లేదా రెండూ ఆడవే అని చెప్పి దుకాణదారు అమ్మిన జతలో ఒకటి మగది అని పిల్లలు పుట్టాక గాని తెలియదు. మగ కూనలకు మూడు నాలుగు వారాలకే సంతానశక్తి వస్తుంది, తల్లి ప్రసవించిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు, గర్భధారణ కాలం దాదాపు 60 నుంచి 70 రోజులు మాత్రమే; కాబట్టి ఒక్క పొరపాటుతో మొదలైన జత ఏడాది తిరిగేసరికి ఒక గదిని నింపేస్తుంది. అందుకే ఆశ్రయానికి కొత్తగా వచ్చిన ప్రతి జంతువునూ వెల్లకిలా పట్టుకుని మగదో ఆడదో నిర్ధారించడమే మొదటి పని అవుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాలు దానిని మిగతావాటికి దూరంగా ఉంచి జబ్బులేమీ లేవని తేల్చుకుంటారు. ఈ ఎడబాటు గడువును క్వారంటైన్ అంటారు.

రోజు గడ్డితో మొదలై గడ్డితోనే ముగుస్తుంది. గినీ పిగ్ దంతాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనుక పీచు అధికంగా ఉన్న ఎండుగడ్డిని అది నిరంతరం నములుతూ ఉండాలి. నమలడం ఆగితే దంతాలు ఏపుగా పెరిగి నాలుకకు అడ్డుపడతాయి, మేత ఆగితే కొన్ని గంటల్లోనే పేగుల కదలిక మందగించి ప్రాణం మీదికి వస్తుంది. తెల్లవారుజామున తలుపు చప్పుడుకో కొత్తిమీర కవరు గలగలకో గది అంతా ఒక్కసారిగా వీక్ వీక్‌మని అరుపులతో నిండిపోతుంది. అనుభవమున్న నిర్వాహకులు ఆ క్షణంలో అరిచేవాటిని కాక, అరవకుండా మూలన ముడుచుకుని కూర్చున్నదానిని వెతుకుతారు. ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కావడంతో గినీ పిగ్ తన జబ్బును దాచుకుంటుంది, లక్షణాలు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. ఈ కారణంగానే ప్రతి జంతువునూ కనీసం వారానికొకసారి వంటింటి త్రాసు మీద గ్రాముల లెక్కన తూచి పుస్తకంలో రాస్తారు, యాభై అరవై గ్రాములు తగ్గినా ఆరా తీస్తారు. ఆ తర్వాత తడిసిన పరుపులు మార్చడం, నీటి సీసాలు కడగడం, పాదాల అడుగున పుండ్లు పడ్డాయేమో చూడటం, గోళ్లు కత్తిరించడం వరుసగా సాగుతాయి. మేత మానేసిన జంతువుకు రెండు మూడు గంటలకొకసారి, అర్ధరాత్రి అయినా సరే, సూది లేని సిరంజితో గడ్డిపొడి జావను ఓపికగా నోట్లో పెట్టాలి. దీనిలో వీడియోకు పనికివచ్చే దృశ్యం చాలా తక్కువ.

మనిషి వలెనే గినీ పిగ్ కూడా విటమిన్ సి ని తన శరీరంలో తయారు చేసుకోలేదు, అది ఆహారంలో రోజూ అందకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారి, కీళ్లు వాచి, స్కర్వీ అనే వ్యాధికి గురవుతుంది. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ ఈ జంతువులో స్కర్వీని గుర్తించడమే తర్వాతి కాలంలో విటమిన్ సి పరిశోధనకు బాట వేసింది. ఆశ్రయంలో ఈ అవసరం బెంగుళూరు మిర్చి ముక్కలతో, కొత్తిమీరతో తీరుతుంది. ఔషధాల విషయంలో ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే కుక్కలకు నిత్యం వాడే అమాక్సిసిలిన్ వంటి పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్‌లను నోటి ద్వారా ఇస్తే గినీ పిగ్ పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి జంతువే చనిపోవచ్చు. తెలుగు నేల మీద వీటిని పెంచాలనుకునేవారికి ఎండాకాలం మరో పరీక్ష. 27, 28 డిగ్రీలు దాటగానే వడదెబ్బ ప్రమాదం మొదలయ్యే ఈ చల్లటి కొండప్రాంతపు జంతువును రెంటచింతల ఎండల్లోనో రామగుండం ఎండల్లోనో కాపాడాలంటే ఏసీ గది, కరెంటు పోతే ప్రత్యామ్నాయం తప్పనిసరి.

ఇక్కడే ఖర్చు గురించి స్పష్టంగా మాట్లాడుకోవాలి. ఆశ్రయం ఆదాయం తెచ్చే వ్యాపారం కాదు. దత్తత తీసుకునేవారి దగ్గర వసూలు చేసే రుసుము ఒక్క శస్త్రచికిత్సకు కూడా చాలదు. గడ్డి, కూరగాయలు, కరెంటు, మందులు నెలనెలా ఆగకుండా వచ్చే ఖర్చులు, విరాళాలు మాత్రం ఒక నెల వచ్చి మరో నెల రావు. సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టరు చేసుకోవడం, విరాళమిచ్చేవారికి ఆదాయపు పన్ను మినహాయింపు లభించే గుర్తింపు పొందడం, విదేశీ విరాళాల చట్టం నిబంధనలు పాటించడం అన్నీ జీతం లేని పనులే. అంతకంటే ప్రమాదకరమైనది కాదనలేని మనస్తత్వం. ఊరు మారుతున్నామనీ బిడ్డకు అలర్జీ వచ్చిందనీ ఫోను చేసిన ప్రతివారి జంతువునూ తీసుకుంటూ పోయిన నిర్వాహకులు, చోటూ డబ్బూ ఓపికా మూడూ అయిపోయి, చివరికి తామే నిర్లక్ష్యానికి కారకులైన ఉదంతాలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. జబ్బులను, మరణాలను రోజూ చూడటం వల్ల మనసు మొద్దుబారిపోయే స్థితి ఒకటి ఉంది, దానిని కరుణ అలసట అంటారు; ఇరవై ఏళ్లు నిండని పిల్లలు ఒంటరిగా ఆ భారం తలకెత్తుకోవడాన్ని ఎవరూ ప్రోత్సహించకూడదు. విదేశీ ఆశ్రయాల్లో సేవ పేరిట వేలకు వేలు గుంజే యాత్రలు, నాలుగు వారాంతాల్లో జంతు ప్రవర్తన నిపుణులను చేస్తామనే ఆన్‌లైన్ ధ్రువపత్రాలు ఈ మోజు మీదే బతుకుతున్నాయి.

తల్లిదండ్రులు ఎంచుకునే దారిలో ఉచ్చు మరో రకమైనది. బి.వి.ఎస్‌సి. కోర్సుకు బైపీసీ, ప్రవేశ పరీక్షలో ర్యాంకు అవసరం. ఇంటర్న్‌షిప్‌తో కలిపి చదువు ఐదున్నరేళ్లు. చదువు నిస్సందేహంగా గొప్పది, కానీ అది ప్రధానంగా ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల ఆరోగ్యానికీ ఉత్పత్తికీ సంబంధించినది. పెంపుడు కుందేలును ఒడిలో పెట్టుకుని మురిసే అమ్మాయికి అర్ధరాత్రి కొట్టంలో ఈనలేక బాధపడుతున్న గేదె దగ్గర పని చేయాలని ఉందో లేదో అడిగే ఇల్లు అరుదు. అడగకుండానే హాస్టలులో చేర్పించి, ఒక ఏడాది పోతే రెండో ఏడాది, అదీ పోతే మూడో ఏడాది లాంగ్‌టర్మ్ కట్టించి, లక్షల రూపాయల అప్పుతో పాటు ఓడిపోయానన్న భావాన్ని కూడా పిల్లల నెత్తిన పెడుతున్నారు. ఎంబీబీఎస్ సీటు రాకపోతే వెటర్నరీ అయినా తెచ్చుకో అనే మాట ఇంకా అన్యాయమైనది. అది ఆ వృత్తినీ తక్కువ చేస్తుంది, ఆ బిడ్డనూ తక్కువ చేస్తుంది. ఒకసారి మనస్ఫూర్తిగా రాసి, ర్యాంకు రాకపోతే రెండో ఏడాదిని కోచింగ్‌కు బలి ఇవ్వకుండా మరో కోర్సులో చేరడమే ఎక్కువమందికి మేలు.

ఆ మరో కోర్సుల్లో అగ్రస్థానం ఇవ్వదగినది పదో తరగతి తర్వాత చేరే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని పాలిటెక్నిక్‌లలో ఇది తక్కువ ఖర్చుతో లభిస్తుంది. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల నియామకాలకు ఈ డిప్లొమాను అర్హతగా పరిగణించారు. జంతువును భయపెట్టకుండా పట్టుకోవడం, సూది వేయడం, కట్టు కట్టడం చేతులతో నేర్పే చదువు ఇది, ఆశ్రయాలకు అత్యవసరమైన నైపుణ్యం కూడా ఇదే. విదేశాలకు వెళ్లదలచినవారికి అమెరికాలో వెటర్నరీ టెక్నీషియన్, బ్రిటన్‌లో వెటర్నరీ నర్సు అనే గుర్తింపు పొందిన వృత్తులు ఉన్నాయి, డాక్టరు కాకపోయినా జంతు చికిత్సలో నిత్యం పాలుపంచుకునే ఉద్యోగాలవి.

బీఎస్‌సీ జువాలజీ, బయోటెక్నాలజీ విద్యార్థులు హైదరాబాదులోనే ఉన్న ఒక అవకాశాన్ని గమనించడం లేదు. ధనుర్వాతం, కంఠసర్పి టీకాల సామర్థ్య పరీక్షల్లో గినీ పిగ్‌లను చాలాకాలంగా వాడుతున్నారు గనుక టీకాల తయారీకి పేరుపొందిన ఈ నగరంలో ప్రయోగశాల జంతువుల సంరక్షణ తెలిసినవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ ఆవరణలోని ప్రయోగశాల జంతుశాస్త్రాల కేంద్రం ఈ రంగంలో సాంకేతిక సిబ్బందికి దశాబ్దాల పాటు శిక్షణ ఇచ్చింది. జంతుప్రేమికులకు ప్రయోగశాల అన్న మాటే కష్టంగా తోచవచ్చు. అయితే జంతుహింస నివారణ చట్టం కింద 2006లో సవరించిన నియమాల ప్రకారం ప్రయోగం ముగిశాక బతికిన జంతువుల సంరక్షణ, పునరావాసాల బాధ్యత పరిశోధకులదే, ఆ ఖర్చును పరిశోధన వ్యయంలోనే చూపాలి. ఈ నియమం కాగితం దాటి అమలు కావాలంటే గది లోపల బాధ్యత తెలిసిన మనిషి ఉండాలి, బయట వాటిని అందుకోవడానికి సమర్థమైన ఆశ్రయం ఉండాలి. జంతువుల పట్ల నిజమైన ఆర్తి ఉన్న విద్యార్థులు వెళ్లవలసిన చోటు ఇది.

ఇంటర్ చదువుతున్నవారు ఇప్పుడే చేయగలిగినది ఒకటి ఉంది. 1992లో ప్రారంభమైన హైదరాబాద్ బ్లూ క్రాస్ వంటి సంస్థల్లోగాని, దగ్గర్లోని పశువైద్యశాలలోగాని, అనుమతి తీసుకుని ఆరు నెలల పాటు ఆదివారాలు బోనులు కడిగే పని చేస్తే, తమకు ఇష్టమైనది జంతువా లేక జంతువు బొమ్మా అన్నది ఏ కౌన్సెలరూ చెప్పనక్కర లేకుండా తేలిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగం వచ్చి, సొంత గది, నెలకు కొంత మిగులు ఏర్పడినవారు గినీ పిగ్‌లకు ఆశ్రయం ఇవ్వదలిస్తే, ఒంటరిగా ఉంటే కుంగిపోయే జంతువులు కనుక జతగా తీసుకుని, రెండు జతలకు మించకుండా, వీటికి చికిత్స చేయగల డాక్టరు ఊళ్లో ఉన్నారని ముందే నిర్ధారించుకుని మొదలుపెట్టడం మంచిది.