తెరమీద కలిసిన దేశాలు

చెన్నైలోని వడపళని ప్రాంతంలో ఒకప్పుడు వాహినీ స్టూడియో ఉండేదని మీ ఇంట్లో పెద్దలు చెప్పగా వినే ఉంటారు. 1951లో విడుదలైన 'పాతాళభైరవి' అక్కడే తయారయింది. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, కె.వి. రెడ్డి దర్శకుడు. తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, కోరిన కోరిక తీర్చే ప్రతిమ - ఇదీ కథ. జానపద కథే కదా అని తేలికగా తీసివేయరాదు. మరుసటి ఏడే అది విదేశీ చిత్రాల సరసన నిలిచింది.

1952 జనవరి 24న బొంబాయిలో మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ప్రారంభమయింది. దానిని ఫిలిమ్స్ డివిజన్ నిర్వహించింది. ఇరవైమూడు దేశాలు పాల్గొన్నాయి. తరువాత ఆ ఉత్సవం మద్రాసు, ఢిల్లీ, కలకత్తా నగరాలకు కూడా వచ్చింది. మన దేశం పక్షాన హిందీ 'ఆవారా', మరాఠీ 'అమర్ భూపాలీ', బెంగాలీ 'బాబ్లా' చిత్రాలతోపాటు తెలుగు 'పాతాళభైరవి' ప్రదర్శింపబడింది.

ఆ ఉత్సవంలో పలువురిని కదిలించినది ఇటలీ చిత్రం 'బైసికిల్ థీవ్స్'. ఒక పేదవాని సైకిలు దొంగిలింపబడుతుంది. అది లేకపోతే అతనికి పని పోతుంది. చిన్న కొడుకును వెంటబెట్టుకొని రోమ్ నగర వీథులన్నీ వెదకుతాడు. అంతకుమించి కథ లేదు. పేరుపొందిన నటులు లేరు. నిజమైన వీథులలోనే చిత్రీకరణ జరిగింది. 1953లో బిమల్ రాయ్ తీసిన 'దో బిఘా జమీన్'లో దాని ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక తెలుగువారు మరింత శ్రద్ధగా తెలుసుకోవలసినది జకార్తా ముచ్చట. 1955లో ఇండొనేసియాలోని బాండుంగ్ నగరంలో ఆసియా, ఆఫ్రికా దేశాల సమావేశం జరిగింది. అప్పుడప్పుడే స్వతంత్రమవుతున్న దేశాలు ఒకరి కళలను ఒకరు తెలుసుకోవాలన్న ఆకాంక్ష దానివల్ల బలపడింది. ఆ స్ఫూర్తితో ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవాలు 1958లో తాష్కెంటులోను, 1960లో కైరోలోను, 1964లో జకార్తాలోను జరిగాయి. జకార్తాకు మన 'నర్తనశాల' వెళ్ళింది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రం 1963లో విడుదలయింది. ఇందులో కీచకునిగా నటించిన ఎస్.వి. రంగారావుకు అక్కడ ఉత్తమ నటునిగా బహుమతి లభించింది.

తెలుగు తెలియనివారికి కీచకుడు ఎలా అర్థమయ్యాడు? ఈ ప్రశ్నకు నటుని ప్రతిభ ఒక్కటే జవాబు కాదు. జావా ప్రజలకు మహాభారతం కొత్తది కాదు. తోలుబొమ్మలతో తెరమీద నీడలాడించే 'వాయంగ్' ఆటలో పాండవులు వారికి చిరపరిచితులు. మన ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటకు అది చుట్టమనే చెప్పవచ్చు. విరాటపర్వం క్రీ.శ. 996లోనే ప్రాచీన జావా భాషలో వచనంగా వెలసింది. తిక్కన దానిని తెలుగు చేసినది పదమూడవ శతాబ్దంలో! అంటే విరాటుని కొలువు కథ మనకంటే ముందే వారి భాషలోకి చేరింది. మద్రాసు నుంచి వెళ్ళిన చిత్రంలో వారు తమ కథనే చూసుకున్నారన్నమాట.

అయితే ఈ ఉత్సవాలు రాజకీయాలకు అతీతమైనవి కావు. అదే 1964లో ఇండొనేసియాలో అమెరికా చిత్రాల బహిష్కరణ ఉద్యమం చెలరేగింది. ఎవరి చిత్రాలు తెరకెక్కాలి, ఎవరివి ఎక్కరాదు అన్నది ఎప్పుడూ వివాదాస్పదమే.

తరువాతి కాలంలో ఆసియాలో ఉత్సవాలు పెరిగాయి. 1996లో ఇటు కేరళలోను, అటు కొరియాలోని బుసాన్‌లోను ఒక్కొక్కటి మొదలయింది. హైదరాబాదులో అంతర్జాతీయ బాలల చలనచిత్రోత్సవం రెండేళ్ళకొకసారి చొప్పున జరిగి, 2017లో ఇరవయ్యవది పూర్తిచేసుకుంది. అందులోని బహుమతి పేరు బంగారు ఏనుగు. దానిని నిర్వహించిన బాలల చలనచిత్ర సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయింది. పిల్లలకోసం ప్రత్యేకంగా పనిచేసే సంస్థ విడిగా ఉండడమే మేలని నా అభిప్రాయం.

భారత అంతర్జాతీయ ఉత్సవం 1991లో మళ్ళీ మద్రాసులో జరిగింది; 2004 నుంచి గోవాలో జరుగుతోంది. చెన్నైకి తనదైన ఉత్సవం 2003లో వచ్చింది. ఇండో సినీ అప్రిసియేషన్ ఫౌండేషన్ దీనిని నిర్వహిస్తోంది. సంగీత సభలు జరిగే డిసెంబరులోనే ఇదీ జరుగుతుంది. పారశీకం, కొరియన్, ఫ్రెంచి మొదలైన భాషల చిత్రాలు వస్తాయి. తెర అడుగున సంభాషణల అనువాదం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది. పాత్ర మాట ముగిసేలోపు చదివేయాలి కనుక అనువాదకుడు మూడు వాక్యాలను ఒక్కటిగా కుదిస్తాడు. అందులో సామెతలు, చమత్కారాలు తరచుగా జారిపోతాయి. తెలుగు, తమిళం మాత్రమే చదవగలిగిన ప్రేక్షకునికి ఆ మిగిలినదీ అందదు.